కృపకు పద్దు రాయవచ్చా?

(బొర్రాలో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు కోసం అక్కడక్కడ సవరించిన పాఠం)



ఈ ఉపన్యాసం ఈ కొండల్లో ఊరూరా నడిచిన ఒక ఉపదేశి జ్ఞాపకార్థం జరుగుతోంది. కుటుంబం కోరిక మేరకు ఆయన పేరు అచ్చులో ఇవ్వడం లేదు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఇది: దేవుని కృప పొందిన మనిషి దానికి ఎలా జవాబు చెబుతాడు?

మన కూడికల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు తరచు ఒక మాట వినిపిస్తుంది. ‘ప్రభువు చేసిన మేలుకు ఆయన రుణం ఎలా తీర్చుకోను?’ అంటారు. చెప్పేవాళ్ల కళ్లలో నీళ్లుంటాయి, ఆ మాటలో అబద్ధం ఉండదు. అయినా ఇవాళ నేను ఆ మాట దగ్గరే ఆగదలచుకున్నాను. కృప రుణమేనా? రుణమే అయితే దాని వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, వసూలు చేసేదెవరు? ఈ మూడింటికీ జవాబు చెప్పడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

అప్పంటే ఏమిటో తెలిసిన కొండలు

మైదానంలో అప్పు ఒక ఇబ్బంది. ఈ కొండల్లో అది ఒకప్పుడు మనిషి బతుకునే పట్టుకునేది. జయపురం నుంచి విశాఖ ఏజెన్సీ దాకా ‘గోతి’ అనే పద్ధతి నడిచింది. పెళ్లికి ఓలి కట్టాలనో, చావు ఖర్చుకనో, విత్తనాలు లేకనో ఒకడు కొద్దిపాటి సొమ్ము తెచ్చుకుంటాడు. దానికి బదులుగా అప్పిచ్చినవాడి ఇంట్లో, పొలంలో పనికి కుదురుతాడు. చేసిన పని వడ్డీకి చెల్లిపోతుంది, అసలు మాత్రం కదలదు. తండ్రి పోతే కొడుకు అదే నాగలి పట్టుకోవాలి. లెక్క రాసేవాడు అప్పిచ్చినవాడే. వేలిముద్ర వేసేవాడికి ఆ రాతలో ఏముందో తెలియదు.

దీన్ని ఆపడానికి చట్టం మీద చట్టం రావలసి వచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపుల చట్టం 1917లో వచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదనీ, మొత్తం వడ్డీ అసలును మించకూడదనీ అది చెప్పింది. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో రుణ దాస్యాన్ని రద్దు చేస్తూ ప్రత్యేక నిబంధన తెచ్చింది. దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. భూమి చేతులు మారకుండా 1959లో ఒక నిబంధన, 1970లో దానికి గట్టి సవరణ వచ్చాయి. ఆ నిబంధన ఆధారంగానే ‘సమత’ సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వ్యాజ్యానికి మూలమైన గనుల లీజులు ఈ అనంతగిరి మండలంలోవే, ఈ బొర్రా రిజర్వు అటవీ ప్రాంతంలోవే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమిని లీజుకివ్వడానికి వీల్లేదని 1997 జులై 11న తీర్పు వచ్చింది. బొర్రా పేరు దేశంలోని న్యాయశాస్త్ర విద్యార్థులకు తెలిసింది గుహల వల్ల మాత్రమే కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బోధకుడు ఏ నేల మీద నిలబడి మాట్లాడుతున్నాడో తెలుసుకోవాలి. ‘దేవుడు నీ అప్పు కొట్టేశాడు’ అన్న మాట పట్నంలో ఒక సిద్ధాంతం. గోతిలో తాతను పోగొట్టుకున్న ఇంట్లో అది నిజమైన వార్త. ఆ వెంటనే ‘కాబట్టి నువ్వు దేవుడికి బాకీ ఉన్నావు’ అంటే వినేవాడికి ఏమర్థమవుతుంది? షావుకారు మారాడు, పద్దు అలాగే ఉంది అనే కదా.

మొక్కుబడి, కొత్త పండుగ

సువార్త రాకముందు ఇక్కడి మనిషికి కృతజ్ఞత తెలియదని అనుకుంటే పొరపాటు. దేవతతో వ్యవహారానికి ఈ కొండల్లో రెండు దారులున్నాయి. ఒకటి మొక్కుబడి. బిడ్డకు జ్వరం తగ్గితే కోడినిస్తాను, పంట దక్కితే మేకనిస్తాను అనే ఒప్పందం అది. అందులో నిజాయితీ ఉంది, భయం కూడా ఉంది. మొక్కు చెల్లించకపోతే కీడు తప్పదన్న భయం.

రెండోది కొత్త. కొర్ర కొత్త, సామ కొత్త, మామిడి కొత్త అంటూ పంట పంటకూ పండుగ ఉంది. గింజ ఇంటికొచ్చినా, మామిడి చెట్టున పండినా, ఊరంతా కలిసి దేవతకూ పెద్దలకూ పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. ఇక్కడ బేరం లేదు. పంట ముందే వచ్చేసింది. వచ్చినదాన్ని ఒక్కడే తినేయకుండా, ఇచ్చినవారిని తలచుకుని, పదిమందితో కలిసి తినడమే పండుగ.

మన సంఘాలు కోత పండుగ చేసుకుంటాయి. గుమ్మడికాయలు, చోళ్లు, అరటి గెలలు మందిరంలో పెట్టి ప్రార్థిస్తాం. కొండవాడికి ఇది కొత్త విషయం కాదు, వాడి కొత్త పండుగకు దగ్గరి చుట్టమే. వేరుచేసి చూడవలసింది మరొకటుంది. మనలో చాలామంది బాప్తిస్మం పొందాక కొత్తను విడిచి, మొక్కుబడిని మాత్రం వెంట తెచ్చుకున్నాం. ‘పరీక్ష పాసైతే సాక్ష్యం చెబుతాను ప్రభువా, ఉద్యోగం వస్తే మొదటి జీతం నీదే’ అంటాం. కోడి బదులు నోటు వచ్చింది, వ్యవహారం మారలేదు.

మొక్కు తప్పని నేను అనడం లేదు. 116వ కీర్తన రాసినవాడు కూడా మొక్కులు చెల్లిస్తాననే అంటాడు. కానీ ఆ కీర్తనలో వరుస చూడండి. ఇన్ని మేళ్లకు దేవుడికి ఏమి చెల్లించను అని తనను తాను ప్రశ్నించుకున్నాక, అతను మొదట చెప్పే జవాబు ఇవ్వడం గురించి కాదు. దేవుడిచ్చే రక్షణ పాత్రను చేతబట్టుకోవడం గురించి. ఇంకా పుచ్చుకోవడమే అతని మొదటి కృతజ్ఞత. మొక్కు దాని తరువాత, ప్రజలందరి ముందు వస్తుంది.

సువార్తల్లో వరుస

యేసు ప్రభువు కృప గురించి చెప్పిన చోట్ల అప్పు మాట వినబడుతూనే ఉంటుంది. గలిలయ రైతులకు కూడా అప్పంటే తెలుసు. లూకా ఏడో అధ్యాయంలో ఇద్దరు బాకీదారులున్నారు. ఒకడిది 500 దేనారాలు, మరొకడిది 50. ఇద్దరి దగ్గరా చెల్లించడానికి లేదు, ఇద్దరి బాకీ పోయింది. ప్రభువు అడిగిన ప్రశ్న ఎవరు ఎంత తిరిగి ఇస్తారని కాదు, ఎవరు ఎక్కువ ప్రేమిస్తారని.

జక్కయ్య సంగతీ అంతే. యెరికోలో మేడిచెట్టు దిగిన ఆ సుంకరి తన ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తాననీ అన్నాడు. ఈ మాట ప్రభువు అతని ఇంటికి వస్తానన్న తరువాతిది. సగం ఆస్తి ఇస్తే వస్తానని ఆయన అనలేదు. ఇంకో సంగతి గమనించాలి. జక్కయ్య ఆ సొమ్మును ప్రభువు చేతిలో పెట్టలేదు. అది బీదల దగ్గరికి, తాను మోసం చేసినవాళ్ల దగ్గరికి వెళ్లింది. కృప పైనుంచి వచ్చింది, జవాబు పక్కింటికి వెళ్లింది.

దీని తలకిందుల కథ మత్తయి పద్దెనిమిదిలో ఉంది. రాజు దగ్గర పదివేల తలాంతుల బాకీ ఉన్న దాసుడు ఎన్ని జన్మలెత్తినా తీర్చలేడు. రాజు దాన్ని కొట్టేశాడు. ఆ దాసుడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. రాజుకు కోపం వచ్చింది దేనికి? తనకు తిరిగి ఇవ్వలేదని కాదు. పొందిన కనికరాన్ని పక్కవాడికి చూపలేదని. నా దృష్టిలో ఈ అంశానికంతటికీ ఇరుసు ఈ కథే. కృప పొందినవాడు జవాబు చెప్పాడా లేదా అన్నది ఎదుటివాడి మీద తన చేతిలో ఉన్న పద్దును ఏం చేశాడన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఆ జవాబైనా మన సొంత బలమేనా? బొర్రా గుహల్లో దీనికి పోలిక ఉంది. పైకప్పు నుంచి సున్నం కరిగిన నీరు చుక్కచుక్కగా పడుతుంది. కింద నేల మీద ఒక స్తంభం మెల్లగా పైకి లేస్తుంది. చూసేవాడికి నేలే పైకి ఎదుగుతున్నట్టు ఉంటుంది. కానీ ఆ స్తంభంలోని ప్రతి పొరా పైనుంచి రాలిన సున్నమే. మన మంచి పనులు మనవి కావని కాదు, వాటి సరుకు మనది కాదు. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం చెప్పేదీ ఇదే. రక్షణ క్రియల వల్ల రాలేదు, అయితే మనం నడవవలసిన సత్క్రియలను కూడా దేవుడే ముందుగా సిద్ధపరిచాడు.

గుండ్లకమ్మ ఒడ్డున

ఇది నిజంగా నడిచిందా అంటే, తెలుగు దేశంలో ఒక గట్టి పరీక్ష జరిగింది. ఒంగోలు ప్రాంతంలో తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు. తోలుపని చేసే మాదిగ కుటుంబం వారిది. పేరయ్య వెనక ఊళ్లకు ఊళ్లు కదిలాయి. పదేళ్లకు 1876–78 కరువు వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మన పెద్దలు క్లౌ దొర అనే ఆయన, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే పని తెలిసిన మనిషి. వేలమందికి పని, కూలి దొరికాయి. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు.

అప్పుడు జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఆ తలుపు మూసే ఉంచాడు. కూలి కోసం వచ్చినవాళ్లెవరో, విశ్వాసంతో వచ్చినవాళ్లెవరో తనకు తెలియదని ఆయనకు తెలుసు. కరువు సాయం ముగిశాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఈ అంకెను మనవాళ్లు గర్వంగా చెబుతారు, విమర్శకులు ‘కూటి కోసం కలిసినవాళ్లు’ అంటారు. నాకు ఆ రోజు కంటే ఆ పదిహేను నెలలు ముఖ్యం. అన్నం పెట్టినవాడికి అడిగే అవకాశం ఉంది, తినేవాడికి కాదనే ధైర్యం లేదు. అలాంటప్పుడు వచ్చిన జవాబు జవాబే కాదు. క్లౌ అన్నానికీ బాప్తిస్మానికీ మధ్య దూరం పెట్టాడు. పైగా పెట్టింది బిచ్చం కాదు, పనికి కూలి. కూలి తీసుకున్నవాడు ఎవరికీ బాకీ పడడు. కృపకు మనుషులు స్వేచ్ఛగా జవాబు చెప్పాలంటే, సాయం చేసే చెయ్యి ముందు తన పట్టు వదలాలి.

ఆ తరువాత వాళ్లు చెప్పిన జవాబు తేలిక కాదు. చచ్చిన గొడ్డు మాంసం తినబోమన్నారు. ఆదివారం పని చేయబోమన్నారు. గ్రామదేవతల జాతరలో డప్పు కొట్టబోమన్నారు. ఊరి కట్టుబాటులో అవన్నీ వాళ్ల మీద మోపిన పనులు. మానేస్తే గింజల వాటా పోతుంది, పెద్దల కోపం వస్తుంది. అయినా మానేశారు. దేవుడికి బాకీ తీర్చడానికి కాదు. తాము ఎవరి ముందూ తలవంచి బతకవలసినవాళ్లం కామని తెలిసినందువల్ల.

పాట, పిడికెడు బియ్యం

జవాబులన్నీ ఇంత బరువుగా ఉండవు. కొన్ని పాటగా వస్తాయి. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి, బ్రాహ్మణ శాస్త్రాలు చదివి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 దాకా జీవించారు. పర్లాకిమిడి, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలు ఆయన తిరిగిన నేల. తెలుగులో అప్పటికే స్థిరపడిన కీర్తన పద్ధతిలో, రాగతాళాలతో ఆయన రాసినవి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ద్వారా అన్ని శాఖల సంఘాల్లోకీ వచ్చాయి. ఇవాళ్టికీ ఆరాధనల్లో ఆయన పాటలు వినిపిస్తాయి. ఆయన తన దగ్గరున్న చదువును పారేయలేదు, దాన్నే కృతజ్ఞతగా మార్చారు.

ఇంకొన్ని జవాబులు వంటింట్లో పుడతాయి. వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం దాన్ని మందిరానికి తేవడం మన సంఘాల్లో పాత అలవాటు. 1912 డిసెంబరు 29న అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు, దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఇవ్వడం మీద ఒక పుస్తకమే రాశారు. బీద సంఘం కూడా ఇవ్వగలదన్నది ఆయన పట్టుదల. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు భావాన్ని పలికించేవారు. పుచ్చుకున్నది ఆ రోజు నుంచే ఇంకొకరికి అందాలని ఆయన ఉద్దేశం.

పిడికెడు బియ్యంలో నాకు నచ్చినది దాని కొలత. అది ఇంటి ఇల్లాలి పిడికిలి. ఎవరూ తూచరు, రసీదు ఉండదు. కానుక ఎవరిదో కుండకు తెలియదు. ఇవాళ దీనికి పక్కనే మరో పద్ధతి వచ్చింది. ‘విత్తన కానుక’ వేస్తే నూరంతలు వస్తుందని టీవీల్లో, పెద్ద సభల్లో వినిపిస్తోంది. వెయ్యి వేస్తే లక్ష వస్తుందని చెప్పేవాడు దేవుణ్ణి చీటీల వ్యాపారిగా మారుస్తున్నాడు. రోగం తగ్గని బీదవాడికి అతను చెప్పే కారణం కూడా సిద్ధంగా ఉంటుంది: నీ విశ్వాసం చాలలేదు, నీ కానుక చాలలేదు. గోతిలో అసలు ఎప్పటికీ తరగనట్టే, ఇక్కడా అసలు తరగదు.

చౌక కృప అనే భయం

‘అప్పు కాదంటే జనం బాధ్యత మరచిపోరా?’ అని పాస్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జర్మన్ లూథరన్ కాపరి డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో అచ్చైన తన పుస్తకంలో శిష్యత్వం లేని కృపను చౌక కృప అని తప్పుపట్టాడు. నాజీలను ఎదిరించినందుకు 1945లో ఆయన్ను ఉరితీశారు. కాబట్టి ఆయన మాటను తేలికగా తీసుకోలేం. కానీ ఖరీదు వేరు, బాకీ వేరు. కృపకు జవాబు చెప్పినవాడు ఖరీదు చెల్లిస్తాడు, దేవుడికి కాదు, లోకానికి.

మన రాష్ట్రంలోనే చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మాల, మాదిగ కుటుంబాలు క్రైస్తవులైతే షెడ్యూల్డ్ కులాల హోదా పోతుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సడలించారు, క్రైస్తవులకు లేదు. షెడ్యూల్డ్ తెగలకు మతంతో ఆ ముడి లేదు కాబట్టి ఈ సభలో చాలామందికి ఆ బాధ తెలియకపోవచ్చు. మైదానంలో ఎందరో అన్నదమ్ములు బడిలో ఒక పేరుతో, మందిరంలో ఒక పేరుతో బతుకుతున్నారు. వాళ్లను పిరికివాళ్లని తీర్పు తీర్చే ముందు, ఆ ఖరీదు మనం కట్టామా అని ప్రశ్నించుకోవాలి.

కొండల్లో ఖరీదు వేరేలా ఉంటుంది. 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య ఉండి చూసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 2017లో అచ్చైన పుస్తకంలో దీన్ని రాశాడు. చనిపోయినవాళ్లు పూజారిణి నోట బతికున్నవాళ్లతో మాట్లాడటం ఒకప్పుడు సవరల జీవితానికి కేంద్రం. పిల్లలు బాప్టిస్టులయ్యాక ఆ సంభాషణ ఆగిపోయింది. భయం పోయింది, బలుల ఖర్చు పోయింది. దుఃఖాన్ని చెప్పుకునే ఒక భాష కూడా పోయింది. నేను ఆ పద్ధతికి తిరిగి వెళ్లమనడం లేదు. సంఘం ఆ ఖాళీని గమనించాలి అంటున్నాను. తల్లిని పోగొట్టుకున్నవాడికి మూడో రోజు ప్రార్థనతో సరిపెట్టి ఇంటికి పంపకూడదు.

ఊరితో తెగతెంపులు కూడా కృపకు జవాబు అనుకోకండి. ధింసా నృత్యంలో అడుగు వేయాలా వద్దా, కొత్త పండుగ భోజనం తినాలా వద్దా అన్న వాదనలు ప్రతి సంఘంలో ఉన్నాయి. మనస్సాక్షిని బట్టి ఎవరికి వారు నిర్ణయించుకోండి. కొరింథీయులకు పౌలు ఇచ్చిన సలహా కూడా అదే దారిలో ఉంది. విగ్రహం ముందు తలవంచని మనిషి పొరుగువాడి పొలంలో నాట్లకు వెళ్లవచ్చు, వాడి పెళ్లిలో వంట చేయవచ్చు, వాడి పాడె మోయవచ్చు.

ఒక్కడు తిరిగి వచ్చాడు

ఈ తూర్పు కనుమల పాదాల దగ్గర సాలూరు ఉంది. జర్మనీలో బ్రెక్లుం అనే ఊళ్లో క్రిస్టియన్ యెన్సెన్ 1876లో మొదలుపెట్టిన లూథరన్ మిషన్ వాళ్లు 1882లో కోరాపుట్ కొండలకు, ఆ వెంటనే సాలూరుకు వచ్చారు. వాళ్లలో షుల్జె అనే ఆయన కొండ ఊళ్లలో కువి భాష నేర్చుకుని 1911లో దానికి వ్యాకరణం అచ్చు వేశాడు. బోధించే ముందు వినడం కూడా ఒక కృతజ్ఞతే. సాలూరులో కుష్ఠు రోగుల కోసం ఫిలడెల్ఫియా ఆసుపత్రి నిలిచింది.

కుష్ఠు అంటే లూకా పదిహేడు గుర్తుకొస్తుంది. పదిమంది బాగయ్యారు, ఒక్కడు తిరిగి వచ్చాడు, వాడు సమరయుడు. మనం ఆ ఒక్కణ్ణి మెచ్చుకుని తొమ్మిదిమందిని తిడతాం. కానీ ఒక సంగతి మరవద్దు. ఆ తొమ్మిదిమంది ఆరోగ్యం వెనక్కి పోలేదు. వాళ్లు ఎక్కడ అని ప్రభువు అడిగాడే తప్ప, ఇచ్చింది తిరిగి తీసుకోలేదు. కృప నిజంగా ఉచితమన్న దానికి ఇంతకంటే రుజువు లేదు. తిరిగి వచ్చినవాడికి దొరికింది అదనపు జీతం కాదు, ఇచ్చినవాడి ముఖం చూసే భాగ్యం.

అందుకే ఈ ఏజెన్సీ సంఘాలకు మూడు మనవులు చేస్తున్నాను. కానుకల జాబితా పేర్లతో సహా మైకులో చదవడం ఆపండి. పిడికెడు బియ్యం తెచ్చిన అక్కకు వెయ్యి రూపాయలవాడి పక్కన తలదించుకునే అవసరం ఉండకూడదు. మందులో, పుస్తకాలో, బియ్యమో ఇచ్చినవాళ్లను వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి. చెప్పాలనిపిస్తే వాళ్లే వస్తారు, క్లౌ దొరలా పదిహేను నెలలైనా ఆగండి.

మూడోది కష్టమైనది. మనలో ఉద్యోగస్తులున్నారు, టీచర్లున్నారు, సంతలో దుకాణం పెట్టినవాళ్లున్నారు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పొరుగువాడికి అప్పిచ్చి, ఆదివారం మందిరంలో కృప గురించి కళ్లు మూసుకుని పాడేవాళ్లు కూడా ఉన్నారు. వడ్డీ మాఫీ చేయగలిగితే చేయండి. తీర్చలేనివాడి అసలు కూడా వదలగలిగితే వదలండి. కాఫీ పంట మీద ముందే సొమ్మిచ్చి, గింజ ధర మీరే నిర్ణయించే పని మానండి. మత్తయి పద్దెనిమిదిలోని దాసుడు రాజు ముందు చాలా అందంగా ప్రార్థన చేశాడు. అతని సంగతి తేలింది మాత్రం బయట, దారిలో.

మనం కృపను నిజంగా అందుకున్నామా అని తెలుసుకోవాలంటే మన ప్రసంగీకులను అడగనక్కరలేదు, మన పాటల పుస్తకాన్ని చూడనక్కరలేదు. మనకు బాకీ ఉన్నవాళ్లను అడిగితే చాలు.